రాత్రి రెండింటి విమానాశ్రయం

శంషాబాద్ విమానాశ్రయం ఏడాదికి 3.4 కోట్ల మందికి సరిపోతుందన్న వార్త కనబడినప్పుడల్లా నేను అడిగేది ఒకటే: ఏ గంటలో?

మధ్యాహ్నం ఒంటిగంటకు అంతర్జాతీయ ప్రయాణాల వైపు పోయి చూడండి. నడవాలు పలచగా ఉంటాయి, కౌంటర్లలో కూర్చున్నవాళ్లకు చాయ్ తాగే తీరిక ఉంటుంది. అదే చోటికి రాత్రి రెండింటికి పోండి. దుబాయ్, దోహా, అబుదాబి, జెడ్డా, మస్కట్, కువైట్ విమానాలు తెల్లారేలోపు వరసగా లేస్తుంటాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి జీపుల్లో వచ్చిన పిల్లలు, బార్కస్ నుంచి వచ్చిన కుటుంబాలు, మక్కాకు ఉమ్రా యాత్ర పోయే ముసలివాళ్ల వీల్‌చైర్లు, అమెరికా చదువులకు పోయేవాళ్ల రెండేసి పెద్ద సూట్‌కేసులు, అంతా ఒకే వరసలో. ఏడాది లెక్కలో ఈ రెండు గంటలకూ తేడా లేదు. వరసలో నిలబడ్డవాళ్లకు ఉంది.

మా టికెట్ల దుకాణం శాలిబండలో, రోడ్డు మీదే. నాన్న పెట్టింది. ఆయన చేతులు ఎప్పుడూ టికెట్ పుస్తకం కార్బన్‌తో ఎర్రగా ఉండేవి. ఇప్పుడు నా ముందు కంప్యూటరు ఉంది, పక్కన ప్రింటరు ఉంది, అంతే తేడా. ఇల్లు లాల్‌దర్వాజాలో. అక్కడ నన్ను అక్కా అంటారు, దుకాణానికి వచ్చే గిరాకీలు ఆపా అంటారు. పిలుపు ఏదైనా అడిగే ఊర్లు ఒకటే: జెడ్డా, రియాద్, దమ్మాం, దుబాయ్, మస్కట్. ఎప్పుడన్నా ఒక చికాగో. నా గిరాకీల్లో ఎక్కువమందికి విమానం రాత్రి విషయం. పగటిపూట విమానం ఎక్కడమంటే వాళ్లకు ఢిల్లీ పోయినట్టు, అంటే పైసలున్నవాళ్ల పని.

గల్ఫ్ విమానాలు అర్ధరాత్రి దాటాకే ఎందుకు లేస్తాయని కొత్త గిరాకీలు అడుగుతారు. కారణం మన దగ్గర లేదు, దుబాయ్‌లో, దోహాలో ఉంది. ఇక్కడ తెల్లవారుజామున నాలుగింటికి లేచిన విమానం దుబాయ్‌లో వాళ్ల టైం ప్రకారం ఆరున్నరకు దిగుతుంది. ఎనిమిదికో తొమ్మిదికో అక్కడి నుంచి లండన్‌కు, న్యూయార్క్‌కు విమానాలు పోతాయి. వాటికి మనవాళ్లను అందించాలని కట్టిన టైంటేబుల్ అది. దుబాయ్‌లోనే దిగి మేస్త్రీ పనికి పోయేవాడికి ఆ లండన్ విమానంతో సంబంధం లేదు. అయినా నిద్ర పోయేది వాడిదే.

పాతబస్తీ పెళ్లి దావత్‌కు పోయినవాళ్లకు నేను చెప్పేది తొందరగా అర్థమవుతుంది. చంద్రాయణగుట్ట ఫంక్షన్ హాల్ ఓనరు వచ్చి, మా హాలు ఏడాదికి మూడు లక్షల మందికి అన్నం పెట్టగలదు అంటే ఎవరికి కావాలి? కార్డు మీద ఏం రాసినా జనం వచ్చేది రాత్రి పదకొండింటికి. ఒక్కసారి దస్తర్‌ఖాన్ పరిస్తే ఎంతమంది కూర్చోగలరు, వాళ్లు లేచేదాకా మిగతావాళ్లు ఎక్కడ నిలబడాలి, ఇదీ హాలు లెక్క. విమానాశ్రయాలు కట్టే ఇంజినీర్లకు ఇది తెలియదని కాదు. రద్దీ గంట ప్రయాణికులు అని వాళ్ల లెక్కల్లో ఒక వరస ఉంటుంది. మంత్రుల ప్రసంగాల్లోకి, కంపెనీ ప్రకటనల్లోకి మాత్రం ఏడాది కోట్లే వస్తాయి.

ఆ కోట్ల చరిత్ర కూడా ఒకసారి చూడాలి. శంషాబాద్‌లో తొలి టెర్మినల్ 1.2 కోట్ల మందికని కట్టి 2008 మార్చి 23న తెరిచారు. అదే రోజు బేగంపేట పాత విమానాశ్రయం ప్రయాణికులకు మూతబడింది. 2015-16కే ఆ 1.2 కోట్లు దాటిపోయాయి. 2018-19లో 2.1 కోట్ల మంది వచ్చారు. అంటే కట్టినదానికంటే దాదాపు ముప్పావు వంతు ఎక్కువ. తాత్కాలిక టెర్మినల్ ఒకటి వేసి అంతర్జాతీయ ప్రయాణికులను అందులోంచి పంపారు. ఆ రోజుల్లో గిరాకీకి టికెట్ చేతిలో పెట్టి, మూడు గంటలు కాదు నాలుగు గంటల ముందు పొండి అని చెప్పేదాన్ని. తర్వాత కరోనా వచ్చి 2020-21లో లెక్క 80 లక్షలకు పడిపోయింది. విస్తరణ పని అప్పటికే నడుస్తోంది గనుక ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరికింది. ఆ వ్యవధి ప్రణాళిక ఇచ్చింది కాదు, రోగం ఇచ్చింది. విస్తరణ పూర్తయ్యేసరికి సామర్థ్యం 3.4 కోట్లయింది. 2023-24లో 2.5 కోట్లు, 2024-25లో దాదాపు 2.9 కోట్లు వచ్చారు. ఒక్క ఏడాదిలో నలభై లక్షలు పెరిగితే మిగిలిన యాభై లక్షల జాగా ఎంతకాలం వస్తుందో లెక్క వేయడానికి కంప్యూటరు అక్కర్లేదు.

ఖర్చు ఎవరిదో కూడా చెప్పాలి. టికెట్‌లో యూడీఎఫ్ అని ఒక పద్దు ఉంటుంది, వినియోగదారుల అభివృద్ధి రుసుము. 2021లో విమానాశ్రయాల ఆర్థిక నియంత్రణ సంస్థ ఇచ్చిన ఆదేశం ప్రకారం హైదరాబాద్ నుంచి విదేశాలకు పోయేవారికి అది ₹700తో మొదలై మెట్లు మెట్లుగా ₹1,500కు, దేశంలో తిరిగేవారికి ₹480 నుంచి ₹750కు పెరిగేట్టు పెట్టారు. బిజినెస్ క్లాసులో పోయేవాడికీ అదే ₹1,500. అప్పు చేసి వీసా కొనుక్కున్న ప్లంబర్‌కూ అదే ₹1,500. విస్తరణకు పైసలు పెట్టినవాళ్లలో నా గిరాకీలున్నారు. ఇక్కడ నేను రాసేది ఫిర్యాదు కాదు, వాటాదారుల తరఫు మాట. విమానాశ్రయ కంపెనీలో రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13 శాతం వాటా ఉంది గనుక ఆ మాట వినాల్సిన చెవులు సర్కారులోనూ ఉన్నాయి.

టెర్మినల్ సంగతి ఎలాగో తేలుతుంది. అందులో దుకాణాల అద్దె వస్తుంది, ఫొటోల్లో బాగుంటుంది. ఎవరికీ కనబడనిది రన్‌వే. శంషాబాద్‌లో 4,260 మీటర్ల మెయిన్ రన్‌వే ఒకటి ఉంది. దాని పక్కనే 3,707 మీటర్లది ఇంకొకటి ఉంది గానీ అది మామూలు రోజుల్లో ట్యాక్సీవే, మెయిన్ రన్‌వే మరమ్మతుకు వచ్చినప్పుడు మాత్రం రన్‌వే. రెండూ మరీ దగ్గర కాబట్టి ఒకేసారి రెండింటి మీదా విమానాలు దింపడం కుదరదు. మనతోపాటే 2008లో తెరిచిన బెంగళూరు 2019 డిసెంబరులో రెండో రన్‌వే మొదలుపెట్టింది. ఇక్కడ దాదాపు 5,500 ఎకరాల జాగా ఉంది. మామిడిపల్లి, గొల్లపల్లి వైపు పల్లెల రైతులు ఇచ్చిన భూములు అవి. జాగా ఉండీ రన్‌వే లేకపోతే పది టెర్మినల్స్ కట్టినా రాత్రి రెండింటికి లేచే విమానాల సంఖ్య పెరగదు. టెర్మినల్ పెంపు గురించి చదివినంతగా స్వతంత్రమైన రెండో రన్‌వే గురించి నేనెక్కడా చదవలేదు.

రన్‌వే వచ్చినా సీట్లు వస్తాయా? ఇది నా వ్యాపారం గనుక కాస్త ఆగి చెబుతాను. దుబాయ్‌కు, మన దేశానికి మధ్య వారానికి ఒక్కో వైపు విమాన కంపెనీలు ఇన్ని సీట్లే నడపాలని ఒప్పందం ఉంది. 2014లో ఆ సంఖ్యను సుమారు 65 వేలకు పెంచారు. అప్పటి నుంచి దాన్ని పెంచమని దుబాయ్ అడుగుతూనే ఉంది, ఢిల్లీ వద్దంటూనే ఉంది. ఢిల్లీ వాదన తీసిపారేసేది కాదు. మనవాళ్లను దుబాయ్ కంపెనీలు ఎత్తుకుపోయి లండన్, న్యూయార్క్‌కు అమ్ముకుంటుంటే మన విమానాలు ఎప్పుడు పెరగాలి, ఢిల్లీ, ముంబయి ఎప్పుడు పెద్ద కూడళ్లు కావాలి అని వాళ్ల బాధ. నిజమే. కానీ ఆ వాదనలో ఒక మనిషి లేడు. లండన్ పోనివాడు, దుబాయ్‌లోనే దిగేవాడు. సీట్లు పెరగక, జనం పెరిగి, రంజాన్‌కో వేసవి సెలవులకో టికెట్ ధర ఎక్కడికో పోతే కౌంటర్ ఇవతల ఆ మాట చెప్పాల్సింది నేను. "ఆపా, జర కమ్ కరో" అంటారు. తగ్గించడానికి నా చేతిలో ఏముంది? కమీషన్ వందల్లో, ధర వేలల్లో. హైదరాబాద్, కోచి, కోళికోడ్ లాంటి ఊళ్ల నుంచి దిగేచోటే పని ఉన్నవాళ్లకోసం వేరే కోటా పెట్టవచ్చు కదా. ఢిల్లీ కూడలికీ దెబ్బ తగలదు, మా ప్లంబర్ జేబుకూ తగలదు.

2025 డిసెంబరు మొదటి వారం గుర్తుందా? పైలట్ల విశ్రాంతి నిబంధనలు మారాయి, ఇండిగో సిబ్బందిని సర్దుకోలేకపోయింది, దేశమంతా వేలకొద్దీ విమానాలు ఆగిపోయాయి. శంషాబాద్ టెర్మినల్‌లో జనం నేలమీద పడుకున్నారు. ఆరోజు టెర్మినల్ అలాగే ఉంది, రన్‌వే అలాగే ఉంది. పైలట్లు లేరు. సామర్థ్యం అన్నది సిమెంటులో మాత్రమే ఉండదని దేశమంతా ఒకేసారి చూసింది.

ఇక మా రోడ్డు దగ్గరికి వస్తాను.

పటం తీసి చూడండి. విమానాశ్రయం నగరానికి దక్షిణాన ఉంది. కిక్కిరిసిన బస్తీల్లో దానికి అన్నిటికంటే దగ్గరున్నది పాతబస్తీ. చార్మినార్ నుంచి ఇరవై కిలోమీటర్లు, చంద్రాయణగుట్ట నుంచి ఇంకా తక్కువ. హైటెక్ సిటీ నుంచి ముప్ఫై దాటుతుంది. కానీ టైం చూస్తే లెక్క తారుమారు. 2009 అక్టోబరులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది, చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. గచ్చిబౌలిలో కారెక్కినవాడు బ్రేకు తొక్కకుండా పోతాడు. మా వైపు జూపార్క్ నుంచి ఆరాంఘర్ దాకా నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్ 2025 జనవరిలో తెరిచారు. మంచిదే, బహదూర్‌పురా వాళ్లకు చాలా సుఖం. విమానాశ్రయం తెరిచాక పదహారేళ్లు దాటిపోయాయన్నది మాత్రం మరిచిపోలేను.

మెట్రో కథ ఇంకా వింత. మొదటి దశలోనే జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా రైలు రావాలి. 2020 ఫిబ్రవరి 7న అది ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగింది. మూసీ దాటలేదు. మిగిలిన అయిదున్నర కిలోమీటర్లు కాగితం మీద ఉండిపోయాయి. విమానాశ్రయానికి రైలు అనగానే 2022 డిసెంబరు 9న రాయదుర్గంలో శంకుస్థాపన చేశారు. 31 కిలోమీటర్లు, ₹6,250 కోట్లు, పడమటి వైపు నుంచి. ఏడాదికి సర్కారు మారింది, దారి మారింది. 2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర ఫారూఖ్‌నగర్‌లో కొత్త శిల పడింది. ఇప్పటి ప్రణాళికలో నాగోల్ నుంచి ఎల్బీనగర్, చంద్రాయణగుట్ట, మైలార్‌దేవ్‌పల్లి, ఆరాంఘర్ మీదుగా విమానాశ్రయానికి 36.8 కిలోమీటర్లు. ఎంజీబీఎస్ నుంచి చార్మినార్, శాలిబండ, ఫలక్‌నుమా మీదుగా చంద్రాయణగుట్టకు 7.5 కిలోమీటర్లు, ఖర్చు ₹2,741 కోట్లు. మావాళ్లు చంద్రాయణగుట్టలో రైలు మారాలి. మారతారు, ఏం కష్టం లేదు. మొత్తం రెండో దశ ₹24,269 కోట్లని రాష్ట్రం 2024 నవంబరులో ఢిల్లీకి పంపింది. ఢిల్లీ ముద్ర, ఢిల్లీ వాటా రాకుండా ఇంత పని నడవదు.

ఈ దారి మా దుకాణం ముందునుంచే పోతుంది. రోడ్డును వంద అడుగులకు, స్టేషన్ల దగ్గర నూటఇరవై అడుగులకు వెడల్పు చేస్తారు. దారి పొడవునా వెయ్యికి పైగా ఆస్తులు పోతాయని లెక్క కట్టారు. గజానికి ₹81,000 పరిహారం. 2025 జనవరిలో కొందరికి చెక్కులు కూడా ఇచ్చారు. మా బిల్డింగు ఓనరు వాళ్లు మూడు తరాలుగా ఇక్కడున్నవాళ్లు. కొలతల గుర్తు గోడ మీద పడ్డ రోజు ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదని వాళ్ల అమ్మాయి చెప్పింది. దుకాణం ముందుభాగం పోతుంది. నాకు అభ్యంతరం లేదు. ఒక కౌంటరు, ఒక కుర్చీ పట్టే జాగా చాలు. కానీ అంత ఇచ్చాక వచ్చే రైలు మా ప్రయాణికుడికి పనికి రావాలి కదా.

ఇక్కడే ఎవరూ మాట్లాడని సంగతి ఒకటుంది. హైదరాబాద్ మెట్రో పొద్దున ఆరింటికి మొదలై రాత్రి పదకొండు ప్రాంతంలో ఆగుతుంది. నాలుగింటి జెడ్డా విమానానికి ఒంటిగంటకల్లా విమానాశ్రయంలో ఉండాలి. అంటే ఇంటినుంచి అర్ధరాత్రి బయల్దేరాలి. ఆ సమయానికి రైలు డిపోలో ఉంటుంది. వేల కోట్లు పోసి, ఇళ్లు కొట్టి, స్టేషన్‌కు చార్మినార్ పేరు పెట్టి, తీరా గల్ఫ్ పోయేవాడు మళ్లీ అర్ధరాత్రి క్యాబ్ కోసం ఫోన్ నొక్కుతూ నిలబడితే ఆ రైలు ఎవరికోసం? ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ రైలు కూడా రాత్రంతా నడవదు. పట్టాల మరమ్మతుకు రాత్రే దొరుకుతుందని ఇంజినీర్లు అంటారు. ఒప్పుకుంటాను. అయితే చంద్రాయణగుట్ట, విమానాశ్రయం మధ్య ముక్కకైనా ఒక పట్టా మీద మరమ్మతు, ఇంకో పట్టా మీద గంటకు రెండు రైళ్లు నడిపే ఏర్పాటు డిజైన్ దశలోనే పెట్టుకోవాలి. పట్టాలు వేశాక అడిగితే పైసలు లేవంటారు. మధ్యలో పట్టా మారే చోట్లు ఎక్కడ రావాలన్నది ఇప్పుడే కాగితం మీద తేలే విషయం.

మెట్రో వచ్చేదాకా బస్సు ఉండనే ఉంది. పుష్పక్ అనే ఆ విమానాశ్రయం బస్సు ఎక్కిపోయిన గిరాకీలు నాకు తక్కువ. ఎందుకంటే మాలో ఒకడు పోతుంటే ఇంటిల్లిపాదీ పోతారు. చేతికి ఇమామ్ జామిన్ తాయెత్తు కట్టాలి, మెళ్లో గులాబీ దండ వేయాలి, అమ్మ దువా చదవాలి. ఉమ్రాకు ఒక ముసలామె పోతుంటే రెండు కార్లు, ఒక ఆటో. లాల్‌దర్వాజాలోనూ ఇదే తంతు, కుంకుమ బొట్టు, కొబ్బరికాయ తేడా. విమానాశ్రయం లెక్కల్లో ప్రయాణికులున్నారు. వాళ్లను సాగనంపేవాళ్లు ఎక్కడున్నారో నాకు దొరకలేదు. బయట రోడ్డు, పార్కింగు, మరుగుదొడ్డి, కూర్చునే గట్టు, వీటిమీద పడే బరువు వాళ్లదే. ఇంట్లో సాగనంపి ఊరుకోండి అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. కొడుకు మళ్లీ ఎప్పుడొస్తాడో తెలియని తల్లికి ఆ సలహా వాళ్లే వచ్చి చెప్పాలి, నేను చెప్పలేను. నయాపూల్ నుంచి శాలిబండ, ఫలక్‌నుమా మీదుగా అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా అరగంటకొక బస్సు, కుటుంబానికంతా ఒక టికెట్, తిరిగి రావడం కూడా అందులోనే. కొన్ని నెలలు నడిపి చూడండి. కార్లు తగ్గుతాయో లేదో అప్పుడు తెలుస్తుంది.

మా రోడ్డుకు ఇంకో గుణముంది. అది పండగలకు మూతబడుతుంది. బాలాపూర్ వినాయకుడు చంద్రాయణగుట్ట, శాలిబండ, చార్మినార్ మీదుగానే నిమజ్జనానికి పోతాడు. లాల్‌దర్వాజా బోనాల మర్నాడు అమ్మవారి ఘటాల ఊరేగింపు. మిలాద్ ఊరేగింపు. రంజాన్ చివరి పది రోజులు రాత్రి రెండింటికి కూడా చార్మినార్ దగ్గర అడుగు తీసి అడుగు వేయలేం. ఆ రోజుల్లో టికెట్ మీద నేనే పెన్నుతో రాసి పెడతాను, ఎన్నింటికి ఇంట్లోంచి కదలాలో. నేల కింద కాకపోయినా తల మీదుగానైనా రైలు ఉంటే ఈ రాత లేకుండా పోతుంది.

రంజాన్ మాట వచ్చింది గనుక దాచుకున్నది చెబుతాను. విమానాశ్రయాల ప్రణాళికల్లో రద్దీ నెల అంటే డిసెంబరు, మే అని రాసుకుంటారు. మా వ్యాపారంలో రద్దీ నెల కదులుతుంది. చంద్రుడి లెక్క కాబట్టి రంజాన్, హజ్ ప్రతి ఏడాదీ పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతాయి. 2024 మార్చిలో మొదలైన రంజాన్ 2030లో జనవరి అయిదారు తారీఖులకు వస్తుంది. అదే ఏడాది డిసెంబరు ఆఖరి వారంలో ఇంకోసారి మొదలవుతుంది. ఒకే సంవత్సరంలో రెండు రంజాన్‌లు. ఇప్పుడు 2030 జనవరి రెండో వారం ఊహించండి. రంజాన్‌లో ఉమ్రా చేస్తే హజ్ అంత పుణ్యమని పోయేవాళ్లు, సంక్రాంతికి ఆంధ్రాకు పోయేవాళ్లు, డిసెంబరులో వచ్చి తిరిగి పోయే అమెరికావాళ్లు, జనవరి సెమిస్టర్‌కు పోయే విద్యార్థులు, అందరూ ఒకే వారంలో. దాని మీద శంషాబాద్ జనవరి పొగమంచు. పొగమంచులో విమానాలు దిగడం ఆలస్యమైతే ఎక్కేవాళ్లు లోపలే పేరుకుపోతారు.

ఇంకో లెక్క కూడా ఉంది. ఉమ్రా ప్రయాణికుడికి కౌంటర్ దగ్గర పట్టే సమయం వేరు. చాలామందికి అదే మొదటి విమానం, వయసు అరవై దాటి ఉంటుంది, పాస్‌పోర్టులన్నీ గుంపు పెద్ద దగ్గర ఉంటాయి, వీల్‌చైర్లు కావాలి. తిరుగు ప్రయాణంలో తలా ఒక అయిదు లీటర్ల జంజం నీళ్ల డబ్బా. ముఖం చూపిస్తే గేటు తెరుచుకునే డిజీయాత్ర దేశంలో తిరిగేవాళ్లకు. ఇమిగ్రేషన్‌లో వరస లేకుండా పంపే కొత్త పథకం ముందే ఆన్‌లైన్‌లో పేరు రాయించుకుని వేలిముద్రలిచ్చినవాళ్లకు. యంత్రాలు వచ్చి సగటు సమయం తగ్గిందని ప్రకటిస్తారు. నిజంగానే తగ్గింది, ముందే తొందరగా పోయేవాళ్లకు. గల్ఫ్ కార్మికుడికీ ఉమ్రా ముసలామెకూ కావాల్సింది యంత్రం కాదు, రాత్రి డ్యూటీలో ఇంకొందరు ఇమిగ్రేషన్ ఆఫీసర్లు. ఆ పోస్టులు ఇచ్చేది కేంద్ర హోంశాఖ, విమానాశ్రయ కంపెనీ కాదు. కౌంటర్లు కట్టడం ఒకరి పని, అందులో మనిషిని కూర్చోబెట్టడం ఇంకొకరి పని. ఈ ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే పని ఎవరిదో రాష్ట్రం తేల్చాలి.

రెండో విమానాశ్రయం కావాలన్న మాట కూడా వినబడుతోంది. శంషాబాద్ ఒప్పందంలో 25 ఏళ్ల దాకా 150 కిలోమీటర్ల లోపల ఇంకో విమానాశ్రయం రాకూడదన్న షరతు ఉంది. ఆ గడువు 2033 మార్చికి తీరుతుంది. వరంగల్ మామునూరు నిజాం కాలపు ఎయిర్‌స్ట్రిప్. అది ఆ పరిధిలోనే ఉన్నా కంపెనీ ఒప్పుకోవడంతో 2025లో కేంద్రం సరేనంది. భూమికోసం రాష్ట్రం ₹205 కోట్లు ఇచ్చింది. వరంగల్‌కు మంచిది. కానీ జగిత్యాల పిల్లాడి జెడ్డా విమానం అక్కడికి రావడానికి ఎంతో కాలం పడుతుంది. హైదరాబాద్‌కు నిజంగా రెండోది కావాలంటే వెతుకులాట ఇప్పుడే మొదలుపెట్టినా తొందరపాటు కాదు. నవీ ముంబయికి 2007లో అనుమతి వస్తే 2025 అక్టోబరులో ప్రారంభమైంది. పద్దెనిమిదేళ్లు. అయినా నా ఓటు ముందు శంషాబాద్‌కే. భూమి ఉంది, కంపెనీ కౌలు 2068 దాకా ఉంది. ఇంకొన్ని పల్లెలను లేపే ముందు లేపిన పల్లెల జాగాను పూర్తిగా వాడాలి.

కాబట్టి కొత్త ప్రణాళిక రాసేవాళ్లు ఏడాది కోట్ల పక్కన ఇంకో పట్టిక వేయమని అడుగుతున్నాను. రాత్రి పన్నెండు నుంచి తెల్లవారుజామున అయిదు దాకా, గంట గంటకు: ఎన్ని విమానాలు, ఎన్ని ఇమిగ్రేషన్ కౌంటర్లలో మనుషులు, ఎన్ని వీల్‌చైర్లు, బయట ఎందరు బంధువులు, వాళ్లు వచ్చింది దేంట్లో. ఆ పట్టికను ప్రతి నెలా జనం చూసేట్టు పెట్టాలి. యూడీఎఫ్ పెంచమని కంపెనీ అడిగినప్పుడల్లా ఆ పట్టిక పక్కన పెట్టుకుని ఒప్పుకోవాలి.

విమాన కంపెనీలు సుమారు పదకొండు నెలల ముందు సీట్లు అమ్మకానికి తెరుస్తాయి. 2030 జనవరి రంజాన్‌కు ఉమ్రా టికెట్లు నేను 2029 ఫిబ్రవరిలో అమ్మడం మొదలుపెడతాను. అప్పటికి నా దుకాణం ముందు స్తంభాలు లేచి ఉంటాయో, గోడమీద గుర్తు అలాగే ఉంటుందో తెలియదు. గిరాకీ మాత్రం తప్పకుండా అడుగుతాడు, శాలిబండలో రైలెక్కితే మూడింటి విమానానికి అందుకుంటామా అని. ఆ ప్రశ్నకు జవాబు రాయాల్సిన సంతకాలు ఈ ఏడాదే పడాలి.